కచేరీలలో పంచిన మందు ఇంటింటికీ చేరింది

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. బందరులోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే సర్కారు కొలువు ఖాయమనే లెక్క. పంతులు గారి దృష్టి మాత్రం వ్యాపారం మీద పడింది. కలకత్తాలో కొంతకాలం గడిపి బొంబాయి చేరారు. అక్కడ దొరల కంపెనీలో ఉద్యోగం చేస్తూ మందుల వ్యాపారం లోతుపాతులు గ్రహించారు. 1893లో అమృతాంజనం తయారు చేసి బజారులో పెట్టారు.

కొత్త మందును ఎవరు కొంటారు? పంతులు గారు సంగీత కచేరీలకు సరుకు తీసుకువెళ్లి శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టారు. చేతిలో పెద్ద పెట్టుబడి లేని మనిషి అమ్మవలసిన సరుకును ఊరకే ఇచ్చివేయడం చూసేవారికి వెర్రిగానే తోచి ఉంటుంది. కాని తలనొప్పి మందు సంగతి వేరు. నుదుట రాసుకున్నవాడికి గుణం ఉన్నదీ లేనిదీ కాసేపట్లో తెలిసిపోతుంది. గుణం కనబడితే మర్నాడు వాడే కొట్టుకు వెళ్లి పేరు పెట్టి అడుగుతాడు. ఈనాటి అమ్మకం వదులుకుంటే కలకాలపు ఖాతాదారు దొరుకుతాడన్న ఈ లెక్క ఫలించింది. దానితో పంతులు గారు లక్షాధికారి అయ్యారు.

వచ్చిన డబ్బును పెట్టెలో దాచలేదు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దానిని దినపత్రిక చేశారు. ఆ ఏడే మహాయుద్ధం వచ్చింది. పత్రికకు నష్టం వచ్చినప్పుడల్లా అమృతాంజనం రాబడే ఆదుకున్నది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల వెలువడ్డాయి. మంచి పుస్తకాలను చౌకగా అందించారు. పత్రిక చదివే ఇంట్లో అమృతాంజనం సీసా, సీసా కొనే ఇంట్లో పత్రిక అన్నట్టుగా రెండూ ఒకదానికొకటి అండ అయ్యాయి.

దానధర్మాలకు మాత్రం పంతులు గారి చేతికి అడ్డు లేదు. విశ్వదాత అన్న పేరు ఊరకే రాలేదు. గ్రంథాలయాలు, ఉద్యమాలు, విద్యార్థులు, అందరూ ఆ ఇంటి గడప తొక్కినవారే. ఇంత ఉదారత ఏ వ్యాపారానికైనా ప్రమాదమేనని చెప్పక తప్పదు. బంగారు గుడ్లు పెట్టే బాతుకు మేత కూడా మిగలాలి గదా! ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకు వెళ్లినప్పుడు కూడా మందు తయారీ ఆగలేదు.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. ఒక్క మనిషి చేతిలోని సంస్థకు వాటాదారులు ఏర్పడ్డారు. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక కుదుర్చుకున్నది మద్రాసులోని పంతులు గారి ఇంటిలోనే. మరి అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు. పత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం నేటికీ అమ్ముడుపోతూనే ఉన్నది.