చక్రవీరుడు మేజర్ టేలరు

ఆటల పోటీలు ముగిసిన నాడు గెలిచినవారిని పొగడుటయు, ఓడినవారిని ఓదార్చుటయు మన పాఠశాలలో ఆచారము. గెలిచియు న్యాయము పొందని వానిని గూర్చి మాత్రము మనము తలపము. అట్టివాడొకని చరిత్రమును మా విద్యార్థుల కిచ్చట తెలుపగోరుచున్నాము.

మార్షల్ వాల్టర్ టేలరు 1878వ సంవత్సరము నవంబరు 26వ తేదీన అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. తండ్రి ఒక ధనికులైన తెల్లవారి యింట గుఱ్ఱపుబండి తోలుచుండెను. ఆ యింటి బాలునికి ఇతడు ఆటతోడయ్యెను. వారే ఇతనికి మొదటి సైకిలు నిచ్చిరి. తోడి బాలురు వై.ఎం.సి.ఏ. వ్యాయామశాలలో ఆడుకొనుచుండగా, నల్లవాడగుటచే ఇతనికి లోపల ప్రవేశము లేకపోయెను. ఆ తలుపు మూసినవారు క్రీస్తు నామము ధరించినవారే యని వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. అయినను దాచుట తగదు.

పిదప సైకిళ్ల అంగడి యెదుట సైనికుని దుస్తులు ధరించి వింత విన్యాసములు చూపుచుండుటచే జనులితనిని మేజర్ అని పిలువసాగిరి. ఆ పేరే స్థిరపడెను. 1894లో అమెరికా సైకిలు సంఘము నల్లవారికి సభ్యత్వము నిషేధించెను. 1895లో ఇతడు తన హితుడును శిక్షకుడునైన మంగర్ అను తెల్లవానితో మాసచూసెట్స్ రాష్ట్రములోని ఉస్టర్ నగరమునకు పోయెను. అచ్చటి వై.ఎం.సి.ఏ. ఇతనిని చేర్చుకొనెను. ఒక నగరమున మూయబడిన తలుపు వేరొక నగరమున తెరువబడుటను బట్టి, తప్పు నియమముది కాదనియు, నియమము వ్రాసిన మనుష్యులదనియు మనము గ్రహింపవచ్చును.

1896లో ఇతడు వృత్తి పందెగాడయ్యెను. ప్రత్యర్థులు పందెమునందు కూడబలుకుకొని ఇతనిని చుట్టుముట్టి దారి కట్టుచుండిరి. 1897లో టాంటన్ పట్టణమున ఒక పందెము ముగియగానే, ఓడిన తెల్లవాడొకడు ఇతని గొంతు నులుమగా స్పృహ తప్పి పడిపోయెను. దక్షిణ రాష్ట్రములలో పెక్కు పందెములకు ఇతనిని రానీయరైరి. అయినను 1899లో కెనడాలోని మాంట్రియాల్‌లో ఒక మైలు పందెమున ప్రపంచ విజేత యయ్యెను. 1900లో అమెరికా దేశ విజేతయు నయ్యెను.

ఇతడు బాప్తిస్తు సంఘ సభ్యుడు. ప్రభువు దినమున పందెమునకు దిగనని అనేక సంవత్సరములు పట్టుబట్టెను. ఐరోపాలో గొప్ప పందెములు ఆదివారమే జరుగుచుండెను గనుక విశేష ధనము నష్టమగునని యెరిగియు చలింపడయ్యెను. తుదకు అచ్చటివారే 1901లో ఇతనికొరకు పందెములను ఇతర దినములకు మార్చిరి. ఆ యేడు ప్యారిస్‌లో ఫ్రెంచి వీరుడు జాక్లిన్ చేతిలో మొదట ఓడి, కొలది దినములలోనే తిరిగి తలపడి అతనిని గెలిచెను.

1910లో పందెములు మానెను. తరువాత వ్యాపారములు ఫలింపక సంపాదన కరగిపోయెను. 1928లో తన జీవితమును గ్రంథముగా వ్రాసి, సొంత వ్యయముతో అచ్చువేయించి, ఇంటింటికి తిరిగి తానే విక్రయించెను. తన్ను అడ్డగించినది తన చర్మపు రంగే యని అందు దాపరికము లేక వ్రాసెను. కాని పగవారిపై ద్వేషము నిలుపుకొనుటకు జీవితము చాలదని తలచెను. తన జాతి యువకులు శీలమును, న్యాయమైన ఆటను విడువక ముందుకు సాగవలెననుటయే అతని కోరిక.

1932 జూన్ 21వ తేదీన చికాగోలో ధర్మాసుపత్రియందు మరణించెను. గుర్తులేని సమాధిలో పాతిపెట్టిరి. 1948లో పూర్వపు సైకిలు పందెగాండ్రు కొందరు పూనుకొని, ఆ శరీరమును మంచి స్థలమునకు మార్చి ఫలకము నిలిపిరి. 1982లో ఇండియానాపోలిస్ నగరము తాను నిర్మించిన సైకిలు పందెపు మైదానమునకు ఇతని పేరే పెట్టెను.

మంచివానికి ఈ లోకమున మేలే జరుగునని మేము ఈ కథవలన బోధింపజాలము. టేలరు బ్రదికియుండగా ఆ గౌరవములు రాలేదు. కాని బాలబాలికలారా, ఆ నగరము తొంబది యేండ్ల క్రిందటనే ఒక చిన్నవానికి తలుపు తీసియుండవచ్చును గదా! రాబోవు సంవత్సరము మీరు జట్లు కట్టునప్పుడు, ఎవడు గట్టు మీద ఒంటరిగా నిలిచియున్నాడో ముందుగా చూచి వానిని పిలువుడు. అట్లు చేసితిరేని మేము దీనిని వ్రాసిన శ్రమ సఫలమగును.