అలుగు పారే నీటిని ఆపిన విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది బేస్తవారిపేట సమీపంలోని మోక్షగుండం గ్రామం. ఆయన కర్ణాటకలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివారు. 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా చేరారు.

పూణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం ఏటా వానాకాలంలో అలుగు పారి, నీరు వృథాగా పోయేది. అలుగు ఎత్తు పెంచితే వరదలకు ఆనకట్టకే ముప్పు. అందుకని ఆయన 1903లో అలుగుపై వాటంతటవే పనిచేసే తలుపులు పెట్టించారు. నీరు హద్దు దాటితే తెరుచుకునేవి, తగ్గితే మూసుకునేవి. పాత ఆనకట్టలోనే ఎక్కువ నీరు నిలిచింది.

కాలువల కింద మితిమీరిన తడులతో పొలాలు పాడవుతుంటే, ఆయకట్టును బ్లాకులుగా విభజించి, పంటలు మార్చుతూ నీరు పంచే పద్ధతి పెట్టారు.

1955లో భారతరత్న పొందిన విశ్వేశ్వరయ్య 1962లో కన్నుమూశారు. ఆయన జయంతి సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు.