గాలికి గళమిచ్చిన ఉపాధ్యాయుడు: రెజినాల్డ్ ఫెసెండెన్

రేడియో అనగానే విద్యార్థుల నోట వెలువడే పేరు మార్కోనీ. విజ్ఞానశాస్త్రముపై మక్కువ గలవారు దాని సరసన జగదీశ్ చంద్ర బోసు నామధేయమును సగర్వంగా చేరుస్తారు. తంతి ఆధారం లేకుండానే సంకేతములు ఆకాశమార్గాన పయనించగలవని లోకమునకు నిరూపించిన మహనీయులు వారు. అయితే ఆనాటి వైర్‌లెస్ నిలయాల నుండి వెలువడినవి చుక్కలు, గీతల రూపములోని మోర్స్ సంకేతములు మాత్రమే. మనుష్యుని మాటను, పాటను ఆ తరంగాలపై పంపవచ్చునని పట్టుబట్టి సాధించినవారిలో అగ్రగణ్యుడు రెజినాల్డ్ ఆబ్రీ ఫెసెండెన్. ఆయన జీవితం ఉపాధ్యాయ వృత్తితోనే ప్రారంభమైనదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఫెసెండెన్ 1866 అక్టోబరు 6వ తేదీన కెనడా దేశములోని క్విబెక్ రాష్ట్రం, ఈస్ట్ బోల్టన్ గ్రామంలో జన్మించారు. నలుగురు సోదరులలో ఆయనే జ్యేష్ఠుడు. తండ్రి ఎలిషా క్రైస్తవ మతబోధకుడు. ఆదాయం స్వల్పమైనా ఆ ఇంట విద్యకు లోటుండేది కాదు. పధ్నాలుగేళ్ల ప్రాయంలోనే ఆ బాలునికి బిషప్స్ కళాశాలలో గణితం బోధించే అవకాశం లభించింది. ఒకవైపు తాను చదువుకుంటూ, మరొకవైపు తనకన్న చిన్నవారికి లెక్కలు చెప్పేవారు. పట్టా పుచ్చుకొనకుండానే పద్దెనిమిదవ ఏట కళాశాల వదలి, అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవికి వెళ్లి, అక్కడి విట్నీ ఇన్‌స్టిట్యూట్ అనే పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైనారు. ఆ బడికి ప్రధానోపాధ్యాయుడూ ఆయనే, ఏకైక ఉపాధ్యాయుడూ ఆయనే. ఆ దీవిలోనే హెలెన్ ట్రాట్ అనే యువతితో పరిచయం కలిగింది. 1890లో ఆమె ఆయన సహధర్మచారిణి అయినది.

రెండేళ్ల అధ్యాపకత్వం తరువాత, 1886లో, ఎడిసన్ వద్ద పని నేర్వవలెనన్న కోరికతో ఫెసెండెన్ న్యూయార్కు చేరారు. విద్యుత్తును గూర్చి తనకేమీ తెలియదని, అయినా త్వరగా నేర్చుకొనగలనని దాపరికం లేకుండా విన్నవించుకున్నారు. మొదట నిరాకరణే ఎదురైంది. పట్టు విడువక, వీధుల క్రింద విద్యుత్ తీగలు పరచే బృందంలో చిన్న కొలువు సంపాదించారు. ఆ శ్రద్ధను గమనించిన ఎడిసన్ మరుసటి ఏడే ఆయనను తన ప్రయోగశాలలోకి తీసుకొని రసాయన పరిశోధనలు అప్పగించారు. 1890లో ఆర్థిక ఇబ్బందుల వలన ఎడిసన్ సంస్థ పలువురిని తొలగించినప్పుడు ఆ ఉద్యోగం పోయినది. అటుపిమ్మట పర్డ్యూ విశ్వవిద్యాలయంలోను, 1893 నుండి పిట్స్‌బర్గ్ నగరంలోని విశ్వవిద్యాలయంలోను ఆచార్య పదవి నిర్వహించారు. డిగ్రీ లేని వ్యక్తి ప్రతిభామాత్రమున ఆచార్యుడైనాడు.

ఆ కాలపు వైర్‌లెస్ యంత్రాలు నిప్పురవ్వల మూలంగా తరంగాలను పుట్టించేవి. రవ్వ రేగినప్పుడల్లా తరంగం ఎగసి, వెంటనే అణగిపోయేది. తప్పెట మీద దెబ్బ వేసినట్లన్నమాట. దెబ్బల లెక్కతో సంకేతం పంపవచ్చును గాని రాగం పాడరాదు. రాగానికి తెగని శ్రుతి కావలెను. తంబురా నాదమువలె ఎడతెగక సాగే తరంగముంటే, దానిపై కంఠస్వరపు హెచ్చుతగ్గులను ఎక్కించవచ్చునని ఫెసెండెన్ గ్రహించారు. ఇంచుమించు సమానమైన రెండు నాదములు కలిసినపుడు వాని భేదమునకు సరిపడు మూడవ మ్రోత వినవచ్చును. ఈ సూత్రాన్ని వైర్‌లెస్ గ్రాహకమునకు అన్వయించి దానికి హెటరోడైన్ అని పేరు పెట్టినది కూడా ఆయనే. తరువాతి తరాల రేడియో సెట్లన్నింటికీ ఆ సూత్రమే మూలాధారమైనది.

1900లో అమెరికా వాతావరణ శాఖ తరఫున పరిశోధనకు పూనుకొని, ఆ ఏడు డిసెంబరు 23వ తేదీన పొటోమాక్ నదిలోని కాబ్ ద్వీపంలో ఆయన ఒక ప్రయోగం చేశారు. సుమారు 1.6 కిలోమీటర్ల దూరంలో ఉన్న సహాయకుని, అక్కడ మంచు కురుస్తున్నదా అని తన నోటితోనే అడిగారు. కురుస్తున్నదని తంతి ద్వారా బదులు వచ్చినది. రవ్వల రొద మధ్య మాట అస్పష్టంగానే వినిపించినా, మనుష్య స్వరం తంతి లేకుండా గాలిలో ప్రయాణించిందనుటకు అది ప్రబల నిదర్శనం. అయితే పేటెంట్ హక్కుల విషయమై పై అధికారితో విభేదం పొడసూపగా 1902లో ఆయన ఆ కొలువు వదలుకున్నారు. ఇద్దరు ధనికుల పెట్టుబడితో ఒక కొత్త సంస్థ వెలసినది. మసాచుసెట్స్ తీరాన బ్రాంట్ రాక్ వద్ద 420 అడుగుల స్తంభం లేచినది. అటువంటిదే మరొకటి స్కాట్లండు తీరాన మాక్రిహానిష్ వద్ద నిలిచినది. 1906 జనవరిలో ఆ రెండింటి నడుమ అట్లాంటిక్ మీదుగా ఇరువైపులా సంకేతములు నడిచినవి. అదే ఏడాది డిసెంబరు 5న గాలివాన తాకిడికి స్కాట్లండు స్తంభం కూలిపోయినది.

ఆ దెబ్బ తగిలిన నెలలోనే ఆయన జీవితంలోని అత్యంత ప్రసిద్ధ ఘట్టం వచ్చినది. సెకనుకు సుమారు 50,000 ఆవర్తనములు గల విద్యుత్తును పుట్టించే ఆల్టర్నేటర్‌ను జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరు అలెగ్జాండర్సన్ నిర్మించి ఇచ్చారు. తెగని శ్రుతి చేత చిక్కినది. డిసెంబరు 21న ఆహూతుల సమక్షంలో బ్రాంట్ రాక్ నుండి సుమారు 18 కిలోమీటర్ల దూరంలోని ప్లిమత్‌కు మాటలు, గ్రామఫోను సంగీతం ప్రసారమైనవి. మూడు దినముల అనంతరం, క్రిస్మస్ ముందునాటి సాయంకాలం, సముద్రము మీది ఓడలలో చెవులకు శ్రవణ సాధనములు తగిలించుకొని చుక్కలు, గీతల కోసం కాచుకొనియున్న వైర్‌లెస్ ఉద్యోగులకు హఠాత్తుగా మనుష్యుని మాట వినిపించినదట. వెనువెంటనే హాండెల్ సంగీతం, ఫెసెండెన్ స్వయంగా వాయించిన వయొలిన్, బైబిలు పఠనం వచ్చినవట. సంవత్సరాంతపు రాత్రి మరల అటువంటి కార్యక్రమమే జరిగినదట.

ఈ కథ ఎన్నో పుస్తకాలకెక్కినది. అయితే దీనికి ప్రధానాధారం, 1932 జనవరిలో, అనగా ఇరువదియైదేళ్లు గడచిన పిమ్మట, ఫెసెండెన్ తన పూర్వ సహచరునికి వ్రాసిన లేఖ. 2006లో ఆ ఘట్టానికి నూరేళ్లు నిండిన సందర్భాన పరిశోధకులు నాటి పత్రికలను, లభ్యమైన ఓడల దినచర్య పుస్తకాలను గాలించగా, ఆ సాయంకాలాన్ని ధ్రువపరచే సమకాలిక సాక్ష్యం దొరకలేదు. వృద్ధాప్యంలో తేదీలు తారుమారై ఉండవచ్చునని కొందరు, ఆయన మాటను శంకింపనక్కరలేదని కొందరు భావించారు. డిసెంబరు 21 నాటి ప్రదర్శనకు మాత్రం ఆనాటి సాంకేతిక పత్రికలలోనే వివరణ ఉన్నది. కనుక క్రిస్మస్ సాయంకాలపు కథ నిలిచినా నిలువకున్నా ఆయన సాధించిన కార్యమునకు లోపం రాదు. విద్యార్థులకు ఈ కథ చెప్పువారు ఈ భేదం కూడా చెప్పుట న్యాయం. నిరూపితమైన దానిని నిరూపితమని, విన్నదానిని విన్నదని చెప్పగలుగుటయే విజ్ఞానశాస్త్ర బోధనకు ప్రాణం.

ఆ విజయం ఫెసెండెన్‌కు సుఖమివ్వలేదు. పెట్టుబడిదారులతో వైరం ముదిరి 1911లో ఆయన తన సంస్థ నుండే వెలివేయబడ్డారు. వ్యాజ్యములతో, అప్పులతో ఏళ్లు గడిచినవి. అమెరికాలో ఇంటింట రేడియో మ్రోగుచున్న 1920వ దశకంలో, ఆ మ్రోతకు పునాది వేసిన వ్యక్తి న్యాయస్థానాల మెట్లెక్కుచుండెను. 1928లో గాని వివాదం రాజీతో ముగిసి తగిన ప్రతిఫలం దక్కలేదు. అయినా ఆయన బుద్ధి ఏనాడూ ఊరకుండలేదు. 1912లో టైటానిక్ మునిగి పదిహేను వందలమంది మరణించిన దరిమిలా, నీటిలోనికి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి మంచుకొండల ఉనికి, సముద్రపు లోతు పసిగట్టే సాధనాన్ని రూపొందించారు. 1914 ఏప్రిల్ 27న మయామి అనే ఓడపై నుండి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని మంచుకొండ జాడ దానికి చిక్కినది. ఎందరు నావికుల ప్రాణములు ఆ మార్గాన నిలిచినవో లెక్కింప శక్యము కాదు. 1921లో రేడియో ఇంజనీర్ల సంస్థ ఆయనకు గౌరవ పతకం బహూకరించినది.

తాను బడి నడపిన బెర్ముడా దీవిలోనే చివరి రోజులు గడిపి, 1932 జూలై 22వ తేదీన ఫెసెండెన్ కన్నుమూశారు. కష్టకాలమంతా వెన్నంటి నిలిచిన హెలెన్ భర్త జీవితచరిత్రను వ్రాసి 1940లో వెలువరించినది. లోకం మరచిన ఖ్యాతిని ఆమె లేఖిని కొంతైనా కాపాడినది.

ఫెసెండెన్ జీవించియుండగానే ఆ తెగని శ్రుతి మన దక్షిణ దేశానికి చేరినది. 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారాలు ప్రారంభించినది. ధనాభావం వలన 1927లో అది మూతపడగా, దాని యంత్రసామగ్రితో మద్రాసు కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1 నుండి ప్రసారాలు సాగించినది. సాయంకాలం వేళ సముద్రతీరాన నిలిచి, లౌడ్‌స్పీకరులో వచ్చే సంగీతాన్ని పెద్దలు, పిల్లలు ఆశ్చర్యంతో ఆలకించిన కాలమది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం వెలసినది. స్వరాష్ట్రానికి దూరంగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ముంగిళ్లలో తెలుగు మాట, తెలుగు పాట మ్రోగినవి. ఇంట తెలుగు, బడిలో తెలుగు, గాలిలో తెలుగు అను మూడు ఆసరాలతో ఆ తరం పిల్లలు భాషను నిలుపుకున్నారు.

ఒక చిన్న దీవిలో, ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో మొదలైన జీవితమది. బడి చిన్నదైనంత మాత్రాన అందులో పుట్టే ఆలోచన చిన్నది కానక్కరలేదు. తెలియనిది తెలియదని ఒప్పుకొనుట, నేర్చుకొనగలనని నమ్ముట, అపజయమునకు జంకకుండుట అను మూడు గుణములు విద్యార్థులలో వర్ధిల్లునుగాక.