జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త. జి.డి.నాయుడుగా సుప్రసిద్ధుడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని కూడా పిలుస్తారు. ఎన్నో యంత్రాలను రూపొందించి మార్కెట్టుకు అందించినా, ఈయన తయారుచేసిన చౌక కారు మాత్రం ప్రభుత్వ అనుమతి లభించక మొదట్లోనే ఆగిపోయింది.

బాల్యం

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తమిళనాట స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ముగిసింది. ఒక బ్రిటిషు అధికారి నడిపిన రడ్జ్ మోటారు సైకిలును చూసి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నాడు. దాని భాగాలన్నిటినీ విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్యను స్వయంగా అభ్యసించాడు.

రవాణా, పరిశ్రమలు

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపాడు. ఈ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి దేశీయంగా తొలి విద్యుత్ మోటారును తయారుచేశాడు. దీనితో కోయంబత్తూరు మోటారు పరిశ్రమకు పునాది పడింది. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని ప్రకటించాడు. విద్యుత్ క్షౌరయంత్రం, పలుచని బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా ఈయన ఇతర ఆవిష్కరణలు.

విద్యారంగం

1945లో ఈయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాసంస్థలు ఏర్పడ్డాయి. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమని, రెండేళ్ళు చాలునని ఈయన అభిప్రాయం. ప్రభుత్వం దీనిని అంగీకరించనందున ప్రిన్సిపాల్ పదవికి రాజీనామా చేశాడు. ఆ ఇంజనీరింగు కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

రెండు వేల రూపాయల కారు

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించాడు. దాని ధర 2,000 రూపాయలు. అయితే 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ప్రకారం భారీ ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. అది లభించకపోవడంతో కారు తయారీ నిలిచిపోయింది. యంత్రాన్ని నిర్మించే నేర్పు, పెట్టుబడి ఉన్నా అనుమతి లేనిదే పరిశ్రమ సాగదనడానికి ఇది ఉదాహరణగా నిలిచింది. మధ్యతరగతి వారి చిన్న కారుగా పేరొందిన మారుతి 800 రావడానికి 1983 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి నాయుడు మరణించి తొమ్మిదేళ్ళు దాటింది.

స్మారకాలు

1967లో ఈయన పేరిట కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల నెలకొన్నది. 2015లో అదే నగరంలో జీడీ కార్ల ప్రదర్శనశాల ప్రారంభమైంది.