వేదనకు అడ్డుకట్ట

ముఖానికి స్పర్శజ్ఞానాన్ని కలిగించే త్రిధార నాడిలో పుట్టే నొప్పి అతి దారుణమైనది. ముఖం కడుగుకొన్నా, చల్లగాలి సోకినా మెరుపు తాకినట్లు బాధిస్తుంది. గొంతుకు చెందిన జిహ్వాగ్రసని నాడిలో నొప్పి పుడితే గుటక వేయడమే గండమవుతుంది. ఇటువంటి వేదనను నాడి వద్దనే నిలిపివేసే పద్ధతికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్.

ఆయన 1852 సెప్టెంబరు 23న న్యూయార్క్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. 1874లో యేల్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. 1877లో వైద్యపట్టా పొంది, అనంతరం ఐరోపాలో శిక్షణ పొందాడు.

కొకైన్ ద్రావణపు చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చునని 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కొల్లర్ నిరూపించాడు. ఆ వార్త హాల్‌స్టెడ్‌ను ఆలోచింపజేసింది. తూము మూసివేస్తే ఆయకట్టుకంతటికీ నీరు ఆగిపోతుంది. అట్లే నాడి మొదట మందు ఎక్కిస్తే దాని శాఖలు వ్యాపించిన భాగమంతా స్పర్శ కోల్పోవాలి కదా! ఆయన, సహచరులు ఈ ఊహను ముందుగా తమ శరీరాలపైనే పరీక్షించుకొన్నారు. త్రిధార నాడి శాఖయైన కింది దవడ నాడిని మొద్దుబార్చడంలో కృతకృత్యులయ్యారు.

అయితే ఆ విజయానికి చెల్లించిన మూల్యం అపారం. కొకైన్ మనిషిని బానిసగా చేస్తుందని ఆనాటి వైద్యలోకం గ్రహించలేదు. సహచరులలో కొందరు ఆ వ్యసనానికి బలయ్యారు. హాల్‌స్టెడ్ 1886లో ప్రావిడెన్స్ నగరంలోని బట్లర్ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ కొకైన్‌కు మారుగా ఇచ్చిన మార్ఫిన్ మరొక సంకెల అయింది. అది ఆయనను జీవితాంతం విడువలేదు. ఈ రహస్యం 1969లో గాని లోకానికి వెల్లడి కాలేదు.

అయినప్పటికీ ఆయన కుంగిపోలేదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్య విభాగానికి అధిపతియై, శస్త్రచికిత్సలో రబ్బరు చేతొడుగులను ప్రవేశపెట్టాడు. ఆయన శిష్యుడు హార్వీ కుషింగ్ త్రిధార నాడి వేదనకు శస్త్రచికిత్సను అభివృద్ధి చేశాడు. 1922లో దంతవైద్యుల సంఘం హాల్‌స్టెడ్‌ను సత్కరించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 7న ఆయన కన్నుమూశాడు.

నేడు కొకైన్ స్థానంలో లిడోకైన్ వంటి మందులు వచ్చాయి. ఆనాడు వైద్యుడు సూదిని కేవలం అనుభవంతో నడిపేవాడు. నేడు ఎక్స్-రే, స్కానింగ్ చిత్రాలలో సూదిమొనను చూస్తూ నడుపుతున్నాడు. జిహ్వాగ్రసని నాడికి చేరువలోనే మెడలోని పెద్ద రక్తనాళాలు ఉంటాయి. కనుక ఆ చూపు ప్రాణరక్షణకు అత్యవసరం. సాధనాలు మారినా సూత్రం హాల్‌స్టెడ్ నాటిదే. ఇతరుల నొప్పిని తొలగించే మార్గాన్ని వెదుకుతూ, తాను తీరని బాధను వరించిన ఆ వైద్యుని త్యాగం చిరస్మరణీయం.