నానా శంకర్‌సేఠ్

ఊరు బాగుపడాలంటే ఊరివారందరూ కలసి పనిచేయాలి. మతాలు వేరైనా అందరూ నడిచే వీధి ఒక్కటే. అందరూ తాగే నీరు ఒక్కటే. ఈ సత్యాన్ని గ్రహించి బొంబాయి నగరంలో భిన్నమతాల వారిని ఒక్కచోట చేర్చిన మహనీయుడు జగన్నాథ్ శంకర్‌సేఠ్. ప్రజలు ఆయనను ఆదరంతో నానా అని పిలిచేవారు.

నానా 1803 ఫిబ్రవరి 10న ఠాణా జిల్లాలోని ముర్బాడ్‌లో జన్మించాడు. వారిది నగల వ్యాపారం చేసే సంపన్న కుటుంబం. 1822లో తండ్రి మరణించాడు. పంతొమ్మిదేళ్ల వయసులోనే వ్యాపార భారం నానా భుజాలపై పడింది. ఆయన ఇచ్చిన మాట తప్పేవాడు కాడు. అందుకే అరబ్బు, అఫ్గాను వర్తకులు సైతం తమ సొమ్మును బ్యాంకుల్లో కాక ఆయన వద్ద దాచుకునేవారు.

ఆనాటి బొంబాయి రేవుకు ఎందరో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చేవారు. గుజరాతీలు, కొంకణస్థులు, పార్సీలు, ముస్లిములు, యూదులు, క్రైస్తవులు అక్కడ స్థిరపడ్డారు. తెలుగు సీమ నుంచి వెళ్లి కట్టడాల పనులు చేసిన వారిని అక్కడ కామాఠీలు అనేవారు. జనం పెరిగారు గాని వసతులు పెరగలేదు. వీధులు ఇరుకు. మురుగు పారే దారి లేదు. మంచినీటికి బావులు, చెరువులే ఆధారం.

ఆ రోజుల్లో నగర పారిశుద్ధ్యం, రోడ్ల బాగోగులు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే గౌరవ పదవిలో ఉన్నవారు చూసేవారు. మొదట ఆ పదవి ఐరోపా వారికే దక్కేది. 1830ల్లో భారతీయులకూ అవకాశం కలిగింది. అలా నియమితులైన తొలి భారతీయులలో నానా ఒకడు. పార్సీ ప్రముఖుడు జంషెడ్‌జీ జీజీభాయ్ కూడా ఆ తొలి బృందంలోని వాడే. వీరిద్దరి మతాలు వేరైనా ఎన్నో పనుల్లో చేయి చేయి కలిపి నడిచారు. రైలుమార్గం వేయించాలని 1845లో ఏర్పడిన సంఘంలో ఇద్దరూ పాలుపంచుకున్నారు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు మొదటి రైలు నడిచింది.

నగరంలోని సోనాపూర్ శ్మశానవాటికను దూరాన ఉన్న శివ్డీకి తరలించాలని ప్రభుత్వం ఒకప్పుడు తలపెట్టింది. నానా వంటి ధనికునికి దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. కాని పేదవారు శవాన్ని అంతదూరం మోసుకుపోవడం ఎట్లా? ఈ కష్టాన్ని గుర్తించిన నానా అధికారులతో పట్టుదలగా వాదించాడు. చివరకు ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఆడపిల్లలకు చదువెందుకని పెద్దలు అడ్డుచెప్పే కాలమది. ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదివిన హిందూ, పార్సీ యువకులు 1849లో బాలికల పాఠశాలలు ప్రారంభించారు. సంప్రదాయవాదులు వ్యతిరేకించారు. నానా స్వయంగా ఆచారాలు పాటించేవాడు. అయినా వెనుకాడక, గిర్గాంలోని తన ఇంటి ఆవరణలోనే బాలికల బడికి చోటిచ్చాడు.

1851లో బొంబాయిలో పార్సీలకు, ముస్లిములకు మధ్య ఘర్షణలు చెలరేగాయి. ఇరుగుపొరుగుల నడుమ అనుమానాలు పెరిగాయి. అటువంటి సమయంలో, ఏడాది తిరగకముందే, 1852 ఆగస్టు 26న బొంబాయి అసోసియేషన్ స్థాపించబడింది. జంషెడ్‌జీ దానికి గౌరవాధ్యక్షుడు. నానా అధ్యక్షుడు. హిందువులు, పార్సీలు, ముస్లిములు, యూదులు అందులో సభ్యులుగా చేరారు. దాదాభాయి నౌరోజీ, డాక్టర్ భావూ దాజీ వంటి యువకులు పెద్దలకు తోడయ్యారు. ఎవరి మతం వారిదే, ప్రజల కష్టాలు మాత్రం అందరివీ అన్నదే ఆ సంఘానికి పునాది.

పాలనలోని లోపాలను తెలుపుతూ, శాసనసభలో భారతీయులకు చోటు కోరుతూ ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు విజ్ఞాపన పంపింది. అందులోని మాటలు ఘాటుగా ఉన్నాయని కొందరు ధనికులు భయపడి సంఘం నుంచి తప్పుకున్నారు. నానా మాత్రం నిలిచాడు. 1857 తిరుగుబాటు నాడు ప్రభుత్వం ఆయననూ అనుమానించింది. కాని ఆధారాలేవీ దొరకలేదు. 1862లో ఆయన బొంబాయి శాసనమండలి సభ్యుడయ్యాడు.

1865 జూలై 31న నానా కన్నుమూశాడు. బొంబాయి అసోసియేషన్ కార్యక్రమాలు అప్పటికే మందగించాయి. అయినా ఆ బీజం వృథా కాలేదు. 1867లో నౌరోజీ ఫర్దూన్‌జీ మొదలైనవారు దానికి మళ్లీ జీవం పోశారు. పన్ను చెల్లించే పౌరులు నగరపాలక సంస్థకు తమ ప్రతినిధులను ఎన్నుకొనే హక్కు 1872 చట్టంతో లభించింది.

ముంబయి టౌన్‌హాలులో నానా పాలరాతి విగ్రహం ఉంది. సంస్కృతంలో ప్రతిభ చూపిన విద్యార్థులకు ఆయన పేరిట ఉపకారవేతనం ఏర్పాటయింది. అయితే విగ్రహం కన్న, ఉపకారవేతనం కన్న గొప్పదైన సంపదను ఆయన మనకు విడిచి వెళ్లాడు. గొడవపడిన ఊరినైనా కలసి చేసే పని మళ్లీ ఒకటి చేయగలదన్న నమ్మకమే ఆ సంపద.