పాత ఇనుముతో శిల్పాలు: పిలూ పోచ్‌ఖానావాలా

ఆదోని పత్తి మిల్లుల్లో అరిగిపోయిన యంత్రాల ఇనుము చివరికి పాత సామాన్ల కొట్టుకే చేరుతుంది. అలాంటి ఇనుముతోనే శిల్పాలు చేసిన ఆమె గురించి మా పిల్లలకు చెప్పాలనిపించింది.

పిలూ 1923లో పార్సీ కుటుంబంలో పుట్టారు. కామర్సు చదివి, బొంబాయిలో ప్రకటనల రంగంలో పనిచేశారు. శిల్పకళలో డిగ్రీ లేదు. 1951లో యూరప్ వెళ్లి, ఇంగ్లండు శిల్పి హెన్రీ మూర్ పనిని చూశాక, ముప్పయ్యేళ్లకు దగ్గరపడిన వయసులో, శిల్పం మొదలుపెట్టారు. మొదట్లో స్త్రీ రూపాలు చేశారు. తర్వాత ఇనుప ముక్కలను వెల్డింగుతో అతికించి, ఫలానా బొమ్మ అని చెప్పలేని రూపాలకు వచ్చారు. వాటిని చుట్టూ తిరిగి చూడాల్సిందే.

బొంబాయి కావస్‌జీ జహంగీర్ హాలును కళా మ్యూజియంగా మార్చాలని ఆమె ఎంతో పాటుపడ్డారు. 1986లో కన్నుమూశారు. ఆ మ్యూజియం తెరిచింది 1996లో.